కాఫీ మిషన్ తర్వాత కొనొచ్చు, ముందుగాల మీ ఇంటి నీళ్లు చూడు

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. ఆరేండ్లు బెంగళూర్ల జాబ్ చేసి పోయినేడు ఇంటికొచ్చిన, ఇప్పుడు ఇక్కడి నుంచే వర్క్ ఫ్రం హోం. అక్కడ రోజు కెఫెల కాపుచినో తాగుడు అలవాటైంది, ఇక్కడ ఇన్‌స్టంట్ పొడి కలుపుకుంటే తాగినట్టే ఉండదు. ఇంట్లకు ఎస్ప్రెసో మిషన్ కొందామనుకుంటున్న, 25 వేల దాక పెట్టగల్గుత. నేను మా ఆయన కలిసి రోజుకు రెండు కప్పులు, ఎప్పుడన్న మూడు, పాలతోనే. ఆన్‌లైన్ల ఒకటి 15 బార్ అంటది ఇంకోటి 20 బార్ అంటది, ఏది తీసుకోవాలె? డల్లాస్‌ల ఉన్న మా తమ్ముడు దసరాకు వస్తున్నడు, అక్కడ తక్కువ రేటుకు మంచిది దొరుకుతది తెస్త అంటున్నడు, తెప్పించుకోనా? మాది బోరు నీళ్లు, తాగనీకి ఆర్వో ఉన్నది, సర్కారు భగీరథ నల్లా కూడ వస్తది. మా అత్తమ్మ అయితే గా చేదు నీళ్లకు గన్ని పైసలా అంటున్నది.

జవాబు: చెల్లె, నీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఆగింది 15 బార్ల మీద కాదు 20 బార్ల మీద కాదు, చివర్ల నువ్వు మామూలుగ రాసేసిన మాట మీద, "మాది బోరు నీళ్లు" అని. మన నల్లగొండ దిక్కు ఎస్ప్రెసో మిషన్ కొనేటోళ్లు అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది అదే. వీడియోలల్ల మిషన్ల గురించి గంటలు గంటలు చెప్తరు గని దీని గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తరు, ఎందుకంటే వాళ్ల ఇంట్ల మన అసొంటి నీళ్లు ఉండవు.

నా సంగతే చెప్త. నేను మొదటి మిషన్ కొన్నప్పుడు నల్లగొండల అద్దెకుంటుంటిమి, క్లాక్ టవర్‌కు జర అవతల. ట్యాంకుల బోరు నీళ్లే పోసేది, ఎట్లయినా మరిగే నీళ్లే కద ఏమయితది అనుకున్న. ఐదో నెల నుంచి కాఫీ సన్నగ కారుడు షురువైంది, ఏడో నెలకు పంపు గుర్రుమని సప్పుడు చేస్తది గని కప్పులకు చుక్క రాదు. సర్వీస్ సెంటరోళ్లు మూడు వారాలు పెట్టుకొని నీళ్ల వల్ల ఖరాబైంది వారంటీ వర్తించదు అని వాపస్ పంపిన్రు. మనసొప్పక నేనే స్క్రూలు ఇప్పి చూసిన. నీళ్లను వేడి చేసే దిమ్మె నుంచి బయటికి ఒక సన్న పైపు వస్తది, పెన్సిల్ అంత లావు కూడ ఉండదు, దాని లోపల తెల్లగ రాయి లెక్క పేరుకపోయింది, గుండుసూది పెడితే అవతలికి దూరలేదు, గోటితోని గీకితే సుద్దముక్క రాలినట్టు రాలింది. నీళ్లు కాగబెట్టే హీటర్ రాడ్‌కు ఉప్పు పట్టుడు మీ ఇంట్ల కూడ చూసే ఉంటవు, అదే ఉప్పు. రాడ్ అయితే రాయి మీద కొట్టి రాలగొడ్తం, మిషన్ లోపలి పైపును ఏం చేస్తం.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలె. నల్లగొండ నీళ్లు అనంగనే అందరికి ఫ్లోరైడే గుర్తొస్తది, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే పర్యావరణ పరిశోధన చేసే నీరి సంస్థోళ్లు నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరు పెట్టిన్రు, అంత పేరు పడ్డది మనకు. గని మిషన్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు, నీళ్లల్ల కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు వేడెక్కినప్పుడు కాల్షియం కార్బొనేట్ అయి గోడలకు అంటుకుంటది. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు, పండ్లకు చేటు. రెండు వేరే వేరే, గని బోరు నీళ్లు కాఫీకి వద్దు అనేదానికి రెండు కారణాలూ సరిపోతయి.

మరి ఆర్వో నీళ్లు పోస్తే అయిపాయె కద అంటవు. సగమే అయిపోతది. ఆర్వోల దాదాపు అన్నీ పోయి నీళ్లు మరీ ఉత్తగ అయితయి, కాఫీ పలచగ, పుల్లగ, ఉప్పు లేని కూర లెక్క ఉంటది, ఎందుకంటే గింజలల్ల నుంచి రుచిని గుంజేటందుకు నీళ్లల్ల కొద్దిగ ఖనిజాలు ఉండాలె. ఖనిజాలు అసలే లేని నీళ్లు లోపలి లోహాన్ని కూడ మెల్లమెల్లగ తింటయి. కాఫీకి టిడిఎస్, అంటే నీళ్లల్ల కరిగి ఉన్న ఖనిజాల లెక్క, 75 నుంచి 150 మధ్యల ఉంటే బాగుంటది. ఒక టిడిఎస్ మీటర్ తెచ్చుకో, రెండు మూడు వందలకు వస్తది, మిషన్ కంటే ముందు కొనాల్సిన వస్తువు అదే. మా ఇంట్ల ఆర్వో నీళ్లు 30 చూపిస్తయి, భగీరథ నల్లా నీళ్లు 240 చూపిస్తయి, రెండు గ్లాసుల ఆర్వోకు ఒక గ్లాసు నల్లా నీళ్లు కలిపితే సరిగ్గ 100 అయితది, గవ్వే ట్యాంకుల పోస్త. మీ దగ్గర అంకెలు వేరే ఉంటయి, లెక్క అదే. కలిపేటప్పుడు బోరు నీళ్లు మాత్రం కలపకు చెల్లె. టిడిఎస్ మీటర్‌ల ఫ్లోరైడ్ ఎంతున్నదో కనవడదు, అంకె మంచిగనే చూపిస్తది, లోపల ఏమున్నదో చెప్పదు. శుద్ధి చేసి పంపే భగీరథ నీళ్లే కలుపుకో.

ఎంత మంచి నీళ్లు పోసినా రెండు మూడు నెలలకొకసారి లోపల కడగాలె. కిరాణంల నిమ్మ ఉప్పు దొరుకుతది, లీటరు నీళ్లకు 20 గ్రాములు కలిపి సగం ట్యాంకు పంపి, పావుగంట ఆపి, మిగిలింది పంపి, ఆ తర్వాత రెండు ట్యాంకుల మంచి నీళ్లు పంపాలె. మిషన్‌తోని వచ్చిన పుస్తకంల వేరే తీరుగ రాస్తే పుస్తకం మాటే విను.

ఇగ బార్ల సంగతి, బార్ అంటే ఒత్తిడి కొలత. ఇంట్ల ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండేది దాదాపు 1 బార్. ఎస్ప్రెసో అంటే వేడి నీళ్లను ఒత్తిడితోని కాఫీ పొడిల నుంచి పంపి తీసే చిక్కటి కాఫీ, దానికి కావాల్సింది 9 బార్లు. అంతే, 15 వద్దు 20 వద్దు. డబ్బ మీద రాసేది ఆ పంపు గరిష్ఠంగ ఎంత నూకగలదో గది, కాఫీ పొడి మీద పడాల్సింది కాదు. నీకు పొలం తెలుసు కద, బోరు మోటర్ ఎన్ని హెచ్‌పీలున్నా మడికి నిదానంగ పారాలె, మరీ జోరుగ వదిలితే ఒడ్డుకు గండి పడి నీళ్లన్నీ గా ఒక్క సందు నుంచే పోతయి, మిగతా మడి ఎండిపోతది. బాస్కెట్‌ల, అంటే కాఫీ పొడి వేసే చిల్లుల గిన్నెల, ఉన్న పొడికి కూడ అదే గతి, ఒత్తిడి ఎక్కువైతే ఎక్కడో ఒక దగ్గర గండి పడ్తది, అక్కడి పొడి చేదెక్కుతది, మిగతా పొడి నుంచి రుచే దిగదు, ఒకే కప్పుల చేదు పులుపు రెండూ వస్తయి. మంచి మిషన్లల్ల 9 దాటితే ఎక్కువైన ఒత్తిడిని వాపస్ ట్యాంకులకు పంపే వాల్వు ఉంటది. కొనేటప్పుడు అడగాల్సింది ఆ వాల్వు ఉన్నదా, దాన్ని ఎన్ని బార్లకు పెట్టిన్రు అని, 20 బార్ అని పెద్ద అక్షరాలతోని రాసిందాన్ని చూసి మోసపోకు.

ఈ 9 బార్లు మొదటి నుంచి లేవు. 1884ల టురిన్‌ల ఆంజెలో మోరియోండో పేటెంట్ తీసుకున్న మిషన్ గని, 1901ల మిలాన్‌ల లుయిజి బెజ్జెరా చేసింది గని ఆవిరి ఒత్తిడితోని నడిచేటివి, ఒకటి ఒకటిన్నర బార్ కంటే ఎక్కువ రాకపోయేది. రెండో ప్రపంచ యుద్ధం అయినంక అకీలె గాజ్జియా స్ప్రింగు, లీవరు పెట్టి ఒత్తిడి పెంచినప్పుడే కప్పు మీద గా బంగారు రంగు నురుగు, క్రీమా, మొదటిసారి కనవడ్డది. 1961ల ఫాయెమా ఇ61 వచ్చి లీవర్ గుంజే పని మోటర్ పంపుకు అప్పజెప్పింది. నీ కౌంటర్ మీదికి వచ్చేది ఆ వంశందే.

ఇగ తమ్ముడు తెస్త అన్న మిషన్. వద్దని చెప్పు. ప్రేమతోని తెస్తున్నడు, బాధపెట్టకుండ చెప్పు గని వద్దు. అమెరికాల కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అయిపోతది అని అందరు చెప్తరు, నేను కూడ ఒకప్పుడు అట్లనే అనుకున్న. ఎస్ప్రెసో మిషన్ 1300, 1600 వాట్లు గుంజుతది, దానికి 2000 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలె, అది మిషన్ కంటే బరువుంటది, పైసలు కూడ మస్తు అయితయి. పెట్టినా వోల్టులు మాత్రమే మారుతయి, హెర్ట్జ్ మారదు. ఇంటి మిషన్లల్ల ఉండే వైబ్రేషన్ పంపు కరెంటు తాళానికే కొట్టుకుంటది, 60కి తయారు చేసింది 50 మీద నిదానంగ కొట్టుకుంటది, అక్కడ ఉన్నట్టు ఇక్కడ పని చెయ్యదు. వారంటీ ఇక్కడ నడవదు, రబ్బరు రింగు పోయినా మళ్ల డల్లాస్ నుంచే రావాలె. ఎవరన్న వచ్చేదాక అది కౌంటర్ మీద బొమ్మ లెక్క కూసుంటది.

తమ్మునితోని తెప్పించుకోవాల్సింది ఒకటున్నది, చేతితోని తిప్పే గ్రైండర్. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే చెల్లె, నీ 25 వేలల్ల మూడోవంతు కంటే ఎక్కువ గ్రైండర్‌కు పోవాలె. వినంగనే మనసొప్పదు, నాకు తెలుసు, ఎందుకంటే మిషన్ మెరుస్తది లైట్లుంటయి, గ్రైండర్ ఏముంటది ఉత్త డబ్బ. గని 50 వేల మిషన్ కొని మిక్సీల పట్టిన పొడి వేసేదానికంటే 12 వేల మిషన్ల మంచి గ్రైండర్ పొడి వేస్తే కాఫీ వంద రెట్లు నయం. మిక్సీల బ్లేడు నరుకుతది, నూరదు. ఒకే జార్ల సగం బొంబాయి రవ్వ సగం మైదా కలిసినట్టు వస్తది, నీళ్లు రవ్వ ఉన్న దిక్కు ఉరుకుతయి, మైదా ఉన్న దిక్కు ఆగిపోతయి, మళ్ల గదే గండి. అల్లం వెల్లుల్లి నూరిన జార్ అయితే ఇగ వాసన సంగతి చెప్పే పనే లేదు. బర్ గ్రైండర్ మన ఇసుర్రాయి లెక్క, రెండు పండ్ల చక్రాల నడుమ నూరుతది, సందు ఎంత పెడితే అంత సైజులనే వస్తది. ఎస్ప్రెసోకు మెత్తటి ఉప్పు కంటే జర సన్నగ రావాలె, పిండి అంత మెత్తగ కావొద్దు. ఈ సందు సన్న సన్నగ మార్చగలిగేదే కావాలె, అందుకే అన్ని హ్యాండ్ గ్రైండర్లు పనికిరావు. కింగ్రైండర్ కె6 అని ఒకటున్నది, ఒక్కో క్లిక్‌కు 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు) మాత్రమే జరుగుతది, అక్కడ 100 డాలర్ల అటిటు ఉంటది. కరెంటుతోని పని లేదు, వోల్టుల లొల్లి లేదు, బ్యాగుల ఒక మూలకు పడ్తది. ఒక కప్పుకు నిమిషంసేపు తిప్పాలె, చెయ్యి గుంజుతది, అది మాత్రం నిజం. రెండు కప్పులే అన్నవు కాబట్టి చెప్తున్న, ఆరు కప్పులుంటే కరెంటు గ్రైండరే కొనుమనేటోన్ని.

గ్రైండర్‌కు 9 వేలు పోతే మిషన్‌కు 13, 14 వేలు మిగుల్తయి, మిగిలిన దాంట్ల ఒక చిన్న కాటా, పొడిని వత్తే ఒక ఇనుప ట్యాంపర్. ఈ రేటుల వచ్చేవి అన్నీ దాదాపు ఒక తీర్గనే ఉంటయి, 51 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టర్ (బాస్కెట్‌ను పట్టే పిడి), లోపల థర్మోబ్లాక్ (నీళ్లను వేడి చేసే దిమ్మె), పాలకు చిన్న ఆవిరి గొట్టం. కంపెనీ పేరు చెప్పుమంటే నాకు ఇబ్బందే, రోజుకో కొత్త పేరు వస్తున్నది, లోపల సరుకు అదే ఉంటున్నది. కొంచెం సాగదీస్తే డెలోంగి డెడికా ఉన్నది, అది కూడ 51దే, 15 సెంటీమీటర్ల వెడల్పే కాబట్టి ఇరుకు కిచెన్ల పడ్తది. బ్రెవిల్ బాంబినో అయితే 54ది, మూడు సెకండ్లల్ల వేడెక్కుతది, నాకు మస్తు ఇష్టం, గని గ్రైండర్‌తోని కలిపితే నీ లెక్కకు మస్తు దూరం పోతది, దానికోసం గ్రైండర్ మానుకోకు. ఏది కొన్నా బాస్కెట్ గురించి ఒక్కటి అడుగు. మిషన్‌తోని వచ్చేది చాలావరకు కింద ఒక్కటే చిల్లు ఉండే డబల్ వాల్ బాస్కెట్, అది పొడి ఎట్లున్నా జబర్దస్తీ నురుగు తీస్తది, చూడనీకి క్రీమా లెక్క ఉంటది, నోట్లె పెట్టుకుంటే సబ్బు నురుగు లెక్క ఖాళీగ ఉంటది. గ్రైండర్ వచ్చేదాక అదే వాడుకో, వచ్చినంక మాత్రం కింద అంతా సన్న చిల్లులుండే సింగిల్ వాల్ బాస్కెట్ వెయ్యాలె, 51 సైజువి విడిగ దొరుకుతయి. ఇంకోటి, హైదరాబాద్‌ల సర్వీస్ ఉన్నదా లేదా ఫోన్ చేసి కనుక్కున్నంకనే ఆర్డర్ పెట్టు.

ముందే పొడి నింపిన చిన్న డబ్బీలు వేసే క్యాప్సూల్ మిషన్ల జోలికి పోకు, మిర్యాలగూడల క్యాప్సూల్ అయిపోతే మళ్ల కొరియర్ వచ్చేదాక చూడాలె.

కిచెన్ల 16 ఆంపుల పెద్ద ప్లగ్ దగ్గరనే మిషన్ పెట్టు, 1350 వాట్లదైనా దాదాపు 6 ఆంపులు గుంజుతది, చిన్న ప్లగ్ వేడెక్కి నల్లబడ్తది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడవదు, నడిపే ప్రయత్నం చెయ్యకు.

మొదటిరోజు ఎట్ల చెయ్యాల్నో కూడ చెప్త, ఎందుకంటే సగంమంది మొదటి వారంలనే ఇసుగొచ్చి మూలకు పెడ్తరు. పోర్టాఫిల్టర్ మిషన్‌కే తగిలించి పదినిమిషాలు వేడెక్కనియ్యి, ఉత్త నీళ్లు ఒకసారి పంపు. 51 బాస్కెట్‌ల 15, 16 గ్రాములు పడ్తయి, కాటా మీద తూకం వెయ్యి, చెంచాల లెక్క వద్దు. పొడిని వేలితోని సమానంగ సర్దు, ట్యాంపర్ వంకరపోకుండ వత్తు, బలం ముఖ్యం కాదు, చదునుగ ఉండుడు ముఖ్యం. కప్పును కాటా మీద పెట్టి బటన్ నొక్కి ఫోన్ల టైం చూడు. మొదటి ఐదారు సెకండ్లు ఏం రాదు, తర్వాత చిక్కగ ముదురు రంగుల చుక్కలు పడ్తయి, అవి కలిసి తేనె తీగ లెక్క సన్నగ ఒంగుకుంట దిగుతది, మెల్లగ రంగు తేలి పసుపుపచ్చగ మారుతది, అప్పుడు ఆపు. 16 గ్రాముల పొడికి 32 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకండ్లల్ల రావాలె. 12 సెకండ్లకే జారిపోయిందా, పుల్లగ ఉంటది, గ్రైండర్ రెండు క్లిక్కులు సన్నగ తిప్పు. 45 దాటిందా, చేదుంటది, రెండు క్లిక్కులు లావుగ తిప్పు. ఒకసారికి ఒక్కటే మార్చు. మొదటి పాకెట్ల సగం సింకుల పోతది, దానికి పరేషాన్ కాకు, అందరికి పోతది. కాఫీ అయినంక పోర్టాఫిల్టర్ వెంటనే తియ్యకు, లోపల ఒత్తిడి దిగేదాక అరనిమిషం ఆగు, లేకుంటే తడి పొడి గోడ దాక చిమ్ముతది.

పాల సంగతికొస్తే మన దగ్గర ఒక అదృష్టమున్నది, బర్రెపాలు. కొవ్వు ఎక్కువ కాబట్టి కాపుచినో మస్తు చిక్కగ తియ్యగ వస్తది. కాకపోతే పచ్చిపాలు కాబట్టి ముందు కాగబెట్టాలె, చల్లార్చి, మీగడ మొత్తం తీసి, ఫ్రిజ్‌ల పెట్టి, చల్లగ ఉన్నప్పుడే స్టీమ్ చెయ్యాలె, వేడి పాలకు నురుగు పట్టే టైమే దొరకదు. మీగడ తునకలుంటే నురుగు విరుగుతది. గొట్టం కొన పాల పైపైన ఉంచితే చిర్రు చిర్రుమని కాగితం చింపినట్టు సప్పుడొస్తది, మూడు నాలుగు సెకండ్లు అట్ల గాలి పట్టించి గొట్టం లోపలికి దించి పాలు సుడి తిరిగేటట్టు పట్టుకో. గిన్నె పట్టుకున్న చెయ్యి కాలి ఇగ పట్టుకోలేనప్పుడు ఆపు, అది 60, 65 డిగ్రీలు ఉంటది. టీ లెక్క మరిగిస్తే పాల తీపి పోతది. ఆపంగనే గొట్టాన్ని తడిబట్టతోని తుడిచి ఒకసారి ఆవిరి వదులు, ఐదు నిమిషాలు మరిచినవంటే పాలు ఎండి గట్టి చెక్కు కడ్తది. పాల తర్వాత వెంటనే రెండో కాఫీ తియ్యాలంటే ముందు ఉత్త నీళ్లు కాసిన్ని పంపి దిమ్మె చల్లబర్చాలె, ఆవిరి వేడి మీద కాఫీ తీస్తే మాడిన వాసనొస్తది.

గింజలు చిక్‌మగళూరువైనా కూర్గువైనా అరకువైనా మంచివే, పాకెట్ మీద వేయించిన తారీఖు ఉండాలె, వేయించి వారం పదిరోజులు దాటి నెలన్నర లోపల వాడుకోవాలె. పాలతోని తాగేటోళ్లకు మీడియం డార్క్ తీసుకో, కొద్దిగ రోబస్టా రకం గింజలు కలిసినా మంచిదే, పాలల్ల కూడ కాఫీ రుచి నిలవడ్తది. ఫిల్టర్ కాఫీ పొడి వెయ్యకు, దాంట్ల చికోరి ఉంటది, బాస్కెట్‌ల బంక లెక్క అయి చిల్లులు మూసుకపోతయి. ఒక లెక్క ముందే చెప్పి పెడ్తున్న, 250 గ్రాముల పాకెట్ 500 అనుకుంటే 15 కప్పులు, కప్పుకు 33 రూపాయలు, పాలు వేరే. రోజుకు రెండంటే నెలకు 2 వేలు గింజలకే. మిషన్ ఒక్కసారి ఖర్చు, ఇది నెల నెలా వచ్చేది, దీన్ని చూసుకునే దిగు. ఇది బరువనిపిస్తే ఒక మోకా పాట్ కొనుక్కో, 1 నుంచి 2 బార్లే వస్తది కాబట్టి ఎస్ప్రెసో కాదు, గని అదే గ్రైండర్, అదే నీళ్లు, అదే బర్రెపాలతోని గ్యాస్ పొయ్యి మీద మంచి చిక్కటి కాఫీ అయితది. ఆర్నెల్లు తాగినంక కూడ మిషన్ మీద మనసు పోతే అప్పుడు కొను, గ్రైండర్ ఎట్లయినా పనికొస్తది.

అత్తమ్మ మాట తీసిపారెయ్యకు, ఆమె తాగిందంతా మరిగిచ్చిన చాయ్, ఒట్టి ఎస్ప్రెసో ఇస్తే ఆమెకే కాదు ఎవరికైనా చేదే. చిన్న గ్లాసుల అడుగున చెంచా బెల్లం తురుము వేసి, దాని మీద వేడి కాఫీ పడనిచ్చి కలిపి, పైన బర్రెపాల నురుగు పోసి ఇయ్యి. మా అమ్మకు అట్లనే ఇచ్చిన, ఇప్పుడు పొద్దుగాల నాకంటే ముందు ఆమెనే ట్యాంకుల నీళ్లు ఉన్నయా లేవా చూస్తది.

తమ్మునికి మాత్రం ఇయ్యాలనే ఫోన్ చెయ్యి, దసరా దాక ఆగి చెప్తే సూట్‌కేసులు సర్దేటప్పుడు గ్రైండర్ ఆర్డర్ పెట్టే టైం ఉండదు.